తాను మీద మూడు సున్నలు

నమాజు ముగించుకుని బట్టలకొట్లోకి వచ్చిన వదినకు బల్లమీద తడిగుడ్డ కనబడింది. దాని నిండా సుద్ద. ఆమె వెంటనే అరలకేసి చూసింది.

మామగారి కాలం నుంచీ ఆ కొట్లో ఒక పద్ధతి. కొత్త గుడ్డ తాను రాగానే వెలుతురులో విప్పి, పోగు తెగిన చోటల్లా సుద్దతో సున్న చుట్టాలి. కొనేవాళ్లకు అది చూపించి, ఆ మేరకు ధర తగ్గించాలి. లోపం దాచి అమ్మిన సొమ్ము హరామని ఆయన చెప్పని రోజు లేదు. ఆయన పోయాక కొట్టు వదినా మరుదుల చేతికొచ్చింది.

నిన్న నీలం తానుమీద మూడు సున్నలు చుట్టింది ఆమే. ఇప్పుడది అరలో లేదు.

మరిది తల గోక్కున్నాడు. లాడ్జి యజమానురాలు కర్టెన్లకని పూర్తి ధరకే పట్టుకుపోయిందట. నచ్చితే ఇంకో ఇరవై గదులకూ ఇక్కడే కొంటానందట. కొట్టు ఈ ఏడాది గట్టెక్కాలంటే ఆ బేరం ఒక్కటి చాలు.

"సుద్దముక్క మీద అంత మోజుంటే బడి పెట్టుకో వదినా, కొట్టెందుకు?" అన్నాడు నవ్వుతూ.

వదిన నవ్వలేదు. లాడ్జావిడ ఇచ్చిన సొమ్మంతా గల్లాలోంచి తీసి సంచిలో వేసుకుంది. సుద్దముక్క కొంగున ముడేసుకుని చెప్పులు తొడుక్కుంది.

లాడ్జిలో తానుమీద ఇంకా కత్తెర పడలేదు. వదిన దాన్ని కిటికీ దగ్గరికి లాగి, మూడుచోట్లా మళ్లీ సున్న చుట్టి, జరిగింది చెప్పి, తగ్గించాల్సినంత డబ్బు బల్లమీద పెట్టింది. యజమానురాలు గుడ్డను వేలితో తడిమి చూసింది. అంతటితో ఆవిడ గొంతు మారింది. సగం ధరకైతేనే ఉంచుకుంటానంది. లేదంటే తానూ వెనక్కే, ఇరవై గదుల మాటా వెనక్కే.

మరిది మొహం ఒక్క క్షణం వదిన కళ్లముందు మెదిలింది.

"పూర్తి ధర తీసుకోవడం మా తప్పు, అందుకే వచ్చాను. లోపానికి ఎంత తగ్గాలో అంతా తగ్గించాను. మీ దగ్గర ఎక్కువ గుంజితే ఎంత తప్పో, నా దగ్గర అగ్గువకు లాక్కోవడమూ అంతే తప్పమ్మా. నిజం చెప్పినందుకు జరిమానా కట్టను."

ఆవిడ తాను ముందుకు నెట్టింది. వదిన మిగతా సొమ్ము కూడా లెక్కపెట్టి ఇచ్చేసి, తాను భుజానికెత్తుకుంది.

కొట్టు గుమ్మంలో ఎదురైన మరిది మొహం వాడిపోయింది. "ఇరవై గదులు, వదినా," అన్నాడు మెల్లగా.

"రేపు కొత్త తానులొస్తాయి." ఆమె కొంగుముడి విప్పి సుద్దముక్క అతని చేతిలో పెట్టింది. "ఇకమీద సున్నలు నువ్వే చుట్టు. నీ చేత్తో చుట్టినదాన్ని నీ చేత్తో ఎలా తుడుస్తావో చూస్తాను."