నాలుగో తరగతిల గొరిల్లాల పాఠం

“పిల్లగాడు ఏడుస్తుండు. రా.”

పదకొండు కాకముందే మా ఆయన ఎల్లేష్ ఫోన్ చేసుడు ఇది మూడోసారి. నేను హాలియాల మా బళ్లె నాలుగో తరగతికి గొరిల్లాల పాఠం చెప్తున్న. గొరిల్లా తల్లి పిల్లను నెలల తరబడి రొమ్ముకే హత్తుకొని తిరుగుతదని, మూడేండ్లు దాటినంక గూడ పాలిస్తదని చెప్పి, వరండాలకొచ్చి ఫోన్ ఎత్తిన.

“పాలు పిండి గిన్నెల పెట్టిన గదా. చెంచతోని పట్టు.”

“నాకేం తెలుస్తది? తల్లివి నువ్వు.”

మా అత్త సైదమ్మ నందికొండల చెల్లెలింటికి పోయింది. ఎనిమిది నెలల కొడుకును ఒక్క రోజు చూస్కొమ్మన్న ఈయన్ను. అది గూడ ఐదింటికి లేసి, వండి, పాలు పిండి, గుడ్డలు మడతవెట్టి, అన్నీ వాని పక్కన సదిరి పెట్టినంకనే. “మావోడు పిల్లలంటే పానం పెడ్తడు” అంటది మా అత్త. నిజమే, పెడ్తడు. తానం పోసి, పౌడర్ రాసి చేతికిస్తే బజారుకు తీస్కపోయి నలుగురికి చూపెడ్తడు. ముక్కు కారితే “ఏయ్ సుమనా” అని నాకే ఇస్తడు. ఏమన్నంటే, “దొంగలొస్తే కొట్టేటోడు ఇంట్ల ఉండాలె, అది నేను” అంటడు. మా ఇంటికి ఇన్నేండ్లల్ల ఒక్క దొంగ రాలే. పియ్యిగుడ్డలు మాత్రం రోజూ వస్తున్నయి.

పన్నెండింటికి ఆయన బండి గేటు కాడ ఆగింది. పిల్లగాన్ని మూట అందిచ్చినట్టు అందిచ్చిండు. “పట్టు. నాతోని కాదు.”

వాని మొఖమంత కన్నీళ్లు, చీమిడి. మెట్ల కింద కూసోని, కొంగు కప్పి పాలిచ్చిన. హెడ్‌మాస్టర్ శ్రీశైలం సార్ వచ్చి అటు మొఖం తిప్పి నిలవడ్డడు.

“గిట్లయితే ఎట్లమ్మా? చాతగాకుంటె నౌకరి మానెయ్.”

“నేను గూడ గదే చెప్తున్న సార్,” అన్నడు ఎల్లేష్.

ఇద్దరు నవ్వుకున్నరు. అంతకు ముందు వాళ్లిద్దరు ఒకరికొకరు తెల్వదు. నా సంగతి తేల్చనీకి పరిచయం అవసరం పడలే.

ఇగ ఇంటికే పోదామని, పిల్లగాన్ని భుజానేసుకొని సంచి కోసం క్లాసులకు పోయిన. ముందు బెంచిల కూసునే మల్లిక లేసింది.

“టీచర్, తల్లి సచ్చిపోతే గొరిల్లా పిల్లను ఎవలు చూస్తరు?”

“గుంపుల పెద్ద మగది. పక్కల పండవెట్టుకుంటది. మీదెక్కి తొక్కినా ఏమనదు.”

“మగదా!” పిల్లలంత నవ్విండ్రు.

నాకు నవ్వు రాలే. సంచి తీసిన చెయ్యి అట్లనే ఆగింది. సంచిని మళ్ల కుర్చీల పెట్టి, గేటు దాక నడిచిన.

నన్ను ఎక్కించుకపోదామని ఎల్లేష్ బండి మీదనే ఉన్నడు. కడుపు నిండి పిల్లగాడు నిద్రవోతాండు. వాన్ని ఆయన చేతులల్ల పెట్టిన.

“గిదేందే?”

“నాలుగింటి దాక నేను సచ్చిపోయిననుకో,” అన్న.