పేరు పెట్టి పిలిచాడు

ఎమ్మెట్ మూడో వరుస చివరి కుర్చీ దించి, గొర్రెబొచ్చు చేతి తొడుగుతో రెండుసార్లు తుడిచి, "కూర్చోండమ్మా" అన్నాడు. ఆవిడ ఇచ్చిన చిల్లర చూడకుండానే జేబులో వేసుకున్నాడు. అతని చూపంతా పక్కన దేశాధ్యక్షుడు కూర్చునే ప్రత్యేక బాక్సు మీదే ఉంది.

వాషింగ్టన్‌లోని ఆ బేస్‌బాల్ మైదానంలో జనాన్ని వాళ్ల కుర్చీలకు చేర్చి, కుర్చీ తుడిచి కూర్చోబెట్టడం అతని ఉద్యోగం. ఆ పనిలోనే జుట్టు నెరిసింది, మోకాళ్లు అరిగాయి. లూథర్‌దీ అదే ఉద్యోగం, అదే జీతం. కానీ లూథర్ తుడిచేది దేశాధ్యక్షుడి కుర్చీ.

ఆ అధ్యక్షుడికి బేస్‌బాల్ పిచ్చి. ఏడాదికోసారి ఆటల ప్రారంభోత్సవానికొచ్చి తొలి బంతి విసిరి, ఫొటో దిగి వెళ్లిపోయే బాపతు కాదు. ఊరి జట్టు చిత్తుగా ఓడుతున్నా, తుంపర పడుతున్నా, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఆఖరివాడు ఔటయ్యేదాకా కదలడు. పక్కనున్న మంత్రులు గడియారాలు చూసుకుంటారు, ఆయన చూడడు.

ఆయన గద్దెనెక్కిన మొదటి ఏడాది ఆ బాక్సులో కుర్చీ తుడిచింది ముసలి గస్. గస్ చనిపోయాక ఆ పని తనకే వస్తుందని ఎమ్మెట్ కొత్త బూట్లు కూడా కొనుక్కున్నాడు. లూథర్‌కిచ్చారు. "ఆయన నన్ను పేరు పెట్టి పిలుస్తాడ్రోయ్" అని లూథర్ చెప్పుకోని రోజు లేదు. విన్నప్పుడల్లా ఎమ్మెట్‌కు కడుపు మండిపోయేది. ఆ రాత్రి భార్య వండింది సయించేది కాదు. తనను ఇంటి యజమాని కూడా 'మూడో అంతస్తాయన' అంటాడు తప్ప పేరెత్తడు మరి.

ఇవాళ లూథర్ మెట్ల పక్క కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మొహం బూడిదరంగులో ఉంది.

"ఏరా, అలా ఉన్నావేం? ఇంటికి పో. ఇవాళ్టికి నేను తుడుస్తాలే."

"ఆశ! నీకప్పగిస్తే ఆ కుర్చీలో నువ్వే ఎక్కి కూర్చుంటావు."

"నీలా పేరు కోసం చస్తానేంట్రా నేను?"

"చస్తావు. చచ్చేదాకా ఏడుస్తావు కూడా."

నవ్వబోయి లూథర్ చేతి తొడుగు తీసి కమ్మీకి తగిలించి, గుండె పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. నలుగురూ మోసుకెళ్లి కింద పనివాళ్ల గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. అంబులెన్సుకు ఫోన్ చేస్తూ సూపర్వైజర్ అరిచాడు: "ఎమ్మెట్, బాక్సు చూసుకో! ఆయన వచ్చేస్తున్నాడు!"

ఎమ్మెట్‌కు ముందు కలిగింది సంతోషమే. సిగ్గు ఆ తర్వాత వచ్చింది.

అధ్యక్షుడు వచ్చాడు. ఎమ్మెట్ కుర్చీ తుడిచాడు. 'నా పేరు ఎమ్మెట్, సార్' అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆయన మైదానం మీంచి కళ్లు తిప్పకుండానే కూర్చున్నాడు.

"థాంక్స్, గస్. ఇవాళ మనవాళ్లు గెలుస్తారంటావా?"

"గెలుస్తారు సార్."

గస్ పోయి ఎన్నేళ్లయింది! అంటే లూథర్ ఇన్నాళ్లూ చచ్చినవాడి పేరుకు పలికాడన్నమాట. ఎమ్మెట్‌కు నవ్వాగలేదు. ఈ మాట నలుగురిలో అంటే చాలు, లూథర్ మళ్లీ తలెత్తలేడు. మెట్లు దిగుతున్నంతసేపూ దాన్ని చక్కెర పలుకులా చప్పరించాడు.

పనివాళ్లంతా బల్ల చుట్టూ ఉన్నారు. ఎమ్మెట్‌ను చూడగానే లూథర్ కళ్లలో భయం కనబడింది. నొప్పి వల్ల వచ్చిన భయం కాదది.

"ఏమన్నాడ్రా?"

ఎమ్మెట్ అందరి మొహాలూ చూశాడు. "ఏమంటాడు? లూథర్ ఏడీ అన్నాడు. నన్ను చూసి మొహం మాడ్చుకున్నాడు."

"పేరు పెట్టా?"

"పేరు పెట్టే."

లూథర్ అతని మణికట్టు పట్టుకున్నాడు. "కుర్చీకి కుడి చెయ్యి వదులుగా ఉందిరా. ఆయన దానిమీదే ఆనుకుంటాడు. చూసుకో."

అంబులెన్సు తీసుకెళ్లింది. ఊరి జట్టు ఓడిపోయింది. అధ్యక్షుడు ఆఖరిదాకా ఉండే వెళ్లాడు. జనం ఖాళీ అవుతుండగా ఫోన్ వచ్చింది, లూథర్ దారిలోనే పోయాడని.

ఎమ్మెట్ బాక్సులోకి వెళ్లి వేరుశనగ తొక్కలు ఊడ్చాడు. కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు కూడా అతనికి కొంచెం కుళ్లుగానే ఉంది. అబద్ధమైతేనేం, దేశాధ్యక్షుడు పేరు పెట్టి అడిగినవాడిగా పోయాడు వెధవ. తనకెవరు చెబుతారు అలాంటి అబద్ధం?

మెట్ల పక్క కమ్మీకి లూథర్ తొడుగు అలాగే వేలాడుతోంది, లోపల చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉబ్బి.