దాలినాయుడి తాళం కప్ప

నేను ఒక తాళం కప్పను. పుట్టింది ఇంగ్లాండులో, బతుకంతా మనవాళ్ల కాళ్ల దగ్గర. ద్వీపాంతర శిక్ష పడ్డవాళ్లను మద్రాసు నుంచి అండమానుకు మోసుకెళ్లే ఓడ అడుగున నా కొలువు. ఖైదీల కాలి కడియాల్లోంచి ఒకే పొడుగు గొలుసు దూర్చి, దాని కొసను నాతో స్తంభానికి బిగించేవారు. నడిసముద్రంలో ఎక్కడికి పారిపోతారని నాకు నవ్వొచ్చేది. దొరలకు రాలేదు.

నా తాళంచెవి జవాను దాలినాయుడి మొలతాడుకు వేలాడేది. "ఒడ్డు చేరకముందు తాళం తీశావో, ఆ గొలుసులో నువ్వే కూర్చుంటావు" అని దొర ముందే హెచ్చరించాడు.

దారిలో తుపాను పట్టుకుంది. ఓడ పక్కచెక్క విరిగి నీళ్లు లోపలికి దూకాయి. కూర్చున్న ఖైదీలకు నడుము దాటి, ఛాతీ దాకా వచ్చేశాయి.

"ఏటి నాయుడుబాబూ," అన్నాడు కొసనున్న గవరయ్య. పొలం తగాదాలో మనిషిని చంపి, యావజ్జీవం పడ్డ ముసలాడు. "మేం ములిగిపోయినా పారిపోకుండా సూసుకుంటాదా నీ తాళం?"

"నోర్ముయ్‌రా!" అని అరుస్తూనే దాలినాయుడు నాలో తాళంచెవి తిప్పాడు.

గొలుసు జారిపోయింది. పైన సిపాయిలు తుపాకులు వదిలేసి, కక్కుకుంటూ పడున్నారు. ఓడను చేజిక్కించుకోవాలంటే అదే అదను. ఖైదీలు మాత్రం బాల్చీలు పట్టుకున్నారు. కంతలో దుప్పట్లు కుక్కి, సాయంత్రందాకా నీళ్లు తోడిపోశారు.

గాలి తగ్గింది. మెట్ల మీద బూట్ల చప్పుడు. దొర!

దాలినాయుడి ముఖం పాలిపోయింది. నన్ను చేత్తో పట్టుకుని మెట్లవైపే చూస్తున్నాడు.

"బేగి కూకోండ్రా!" గవరయ్య కసిరాడు.

ఎవరి కడియంలోకి వాళ్లే గొలుసు దూర్చుకుని పక్కవాడికి అందించారు. ముసలాడు నన్ను దాలినాయుడి చేతిలోంచి లాక్కుని, స్తంభానికి తగిలించి నొక్కాడు. టక్కుమని పడ్డాను.

దొర వచ్చి, నన్ను ఒకసారి గుంజి చూసి, తృప్తిగా వెళ్లిపోయాడు.

"ఎందుకురా?" అన్నాడు దాలినాయుడు.

"మేం ఎలాగూ తిరిగెల్లం. నువ్వు ఇంటికెల్లాల గదేటి" అన్నాడు గవరయ్య.

అండమాను ఒడ్డున ఖైదీలను దింపుతుంటే, దొర వింటుండగానే దాలినాయుడు అన్నాడు: "ఎల్లిరా మావా."

"వత్తానల్లుడూ" అన్నాడు గవరయ్య, వెనక్కి తిరిగి.

ఇప్పుడు నేను మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. 'ఖైదీలు పారిపోకుండా ఆపిన తాళం' అని పక్కన రాసిపెట్టారు. జనం అది చదివి, నావైపు గౌరవంగా చూస్తారు. నాకు మాత్రం ఆ ముసలాడి వేళ్లు గుర్తొస్తాయి.