మునగాకు పప్పు

ఖతర్‌లోని ఉమ్ సలాల్‌లో ఒక తోటలో పనిచేసే సమద్ ప్రతి శుక్రవారం పొద్దున్నే, తాను నాటిన మునగచెట్టు ఆకు దూసి, పెసరపప్పుతో వండి, డబ్బాలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లేవాడు. అక్కడ కిడ్నీలు చెడిపోయి మంచం పట్టిన ఖుత్బుద్దీన్ ఉన్నాడు. ఇద్దరిదీ జగిత్యాలే. సమద్‌ను ఖతర్‌కు పిలిపించి కొలువు ఇప్పించింది ఆయనే. మునగాకు రక్తం పట్టిస్తుందని, వాపులు తీస్తుందని సమద్ తల్లి బాలింతలకు వండిపెట్టేది. అతనికి తెలిసిన వైద్యం అదొక్కటే.

ఒక శుక్రవారం వార్డు బయటే డైటీషియన్ చరిత డబ్బా మూత తీసి చూసింది. ఆమెది కాకినాడ.

"ఇది ఎన్నాళ్ల నుంచి పెడుతున్నారండీ?"

"ఏడు వారాలాయె మేడం. బలమని తెస్తున్న."

"ఆకు మంచిదేనండీ, మనలాంటి వాళ్లకి. ఇందులో పొటాషియం ఎక్కువ. ఆయన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. గుండె ఆగిపోవచ్చు."

సమద్ డబ్బా మూత పెట్టేశాడు. "నా వల్లనే ఇంత ముదిరిందా?"

"అదొక్కటే కాదులెండి," అందామె, అతని ముఖంలోకి చూడకుండా.

లోపల ఖుత్బుద్దీన్ అప్పటికే చేయి కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. "ఏంరా, ఇయ్యాల పప్పు పెట్టవా?"

"నీకు పడదంట భాయ్. వద్దన్నరు."

"నోటికి రుచి తెలిసేది అదొక్కటేరా," అన్నాడు ఖుత్బుద్దీన్. "మరి ఏం తినాల్నట?"

చరిత ఇచ్చిన కాగితం నిండా తినకూడనివే ఉన్నాయి. సమద్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చి పప్పు చెత్తలో పారబోసి, బస్సు కోసం ఎండలో నిలబడ్డాడు.