సారు సమక్షంలో

జీతాల మాట ఎత్తితే చాలు, సీసాలక్కకి ఒళ్ళు మండిపోతుంది. మండదూ మరి? పధ్నాలుగేళ్ళుగా ఫ్యాక్టరీల మురుగు కాలవల్లోకి దిగి, సీసాల్లో నీళ్ళు పట్టి, అందులో ఏం కలిసిందో తేల్చే కాగితాలకి మొదటి అక్షరం రాసేది ఆవిడే. భుజాన ఎప్పుడూ సీసాల పెట్టె వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆఫీసులోనూ బజార్లోనూ చివరికి అత్తగారి వైపు చుట్టాల్లోనూ ఆ పేరే స్థిరపడిపోయింది. పర్యావరణ శాఖలో రెండో తరగతి టెక్నీషియను అని గుర్తింపు కార్డు మీద ఉంటుంది గానీ, దాన్ని ఎవరు చదవొచ్చారు?

ఇదే పని పక్క జిల్లాలో చేసేవాడికి నగర భత్యం పేరుతో పావు వంతు ఎక్కువ. ఓడరేవులో చేసేవాడికి ఇంకా ఎక్కువ, వాడు దిగేవి పెద్ద నీళ్ళని కాబోలు. ల్యాబులో చల్లటి గదిలో కూర్చుని, ఆవిడ మోసుకొచ్చిన సీసాని యంత్రంలో పెట్టి మీట నొక్కేవాడికి ఒకటిన్నర రెట్లు. ఆ మీట ఎక్కడ నొక్కాలో వాడికి నేర్పిందీ ఆవిడే. ఇక ఆవిడ సొంత తమ్ముడున్నాడు. మురుగు వదిలే ఫ్యాక్టరీలోనే ఉద్యోగం. అదే గొట్టం దగ్గర, అవే నీళ్ళని, అదే రకం సీసాలో పడతాడు. వాడికి రెట్టింపు. ఇద్దరూ ఒకే కాలేజీలో ఒకే చదువు చదివారు, మార్కులు అక్కకే ఎక్కువ వచ్చాయి. తమ్ముణ్ణీ పై ఊళ్ళ వాళ్ళనీ పక్కన పెడితే, సొంత ఆఫీసు విషయంలో ఆవిడ తేల్చిన సూత్రం ఒకటే. ఈ వృత్తిలో కంపుకి ఎంత దూరంగా ఉంటే జీతం అంత ఎక్కువ.

ఆ సూత్రానికి నిలువెత్తు సాక్ష్యం సూపర్వైజరు సారు. కాలవకి అరవై అడుగుల దూరంలో జీపు ఆపించుకుని, అద్దాలు పైకెత్తుకుని, పేపర్లో గళ్ళ నుడికట్టు నింపుకుంటూ కూర్చుంటాడు. వాసన పడదట. నిబంధన ప్రకారం రెండో తరగతి మనిషి పట్టిన నీళ్ళు చెల్లాలంటే సూపర్వైజరు పక్కనే నిలబడి చూడాలి, చూసి “ఈ నమూనా నా సమక్షంలో తీసినది” అన్న వాక్యం కింద సంతకం పెట్టాలి. మొదటి తరగతి వాళ్ళకైతే ఈ బాధ లేదు, ఒంటరిగా పట్టుకోవచ్చు. సారు ఆ సంతకాలేవో పొద్దున్నే టీ కొట్టు దగ్గర పదీ ఒకేసారి గీకేసి చేతులు దులుపుకునేవాడు. సీసాలక్క కూడా ఎప్పుడూ పేచీ పెట్టుకోలేదు. ఆయన పక్కన నిలబడితే కాళ్ళకి అడ్డం తప్ప ఇంకేం ఉపయోగం?

ఇలా ఉండగా శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. టెక్నీషియన్ల తరగతులు సవరిస్తారు, బుధవారం మదింపు ఆఫీసరు వచ్చి పని చూస్తాడు, పదిహేను ప్రశ్నలు అడుగుతాడు. అన్నిట్లోకీ తొమ్మిదోది ముఖ్యం. “ఎవరి పర్యవేక్షణా లేకుండా స్వయంగా పని చేస్తున్నారా?” అవునంటే, చూసినదానితో అది సరిపోలితే, మొదటి తరగతి. జీతం ఒకటిన్నర రెట్లు. సీసాలక్కకి నవ్వాగలేదు. ఆ ప్రశ్న తన కోసమే రాసినట్టుంది!

ఆవిడకి ఆ డబ్బు దేనికంటే, స్నానాల గదికి. నవ్వకండి. వాళ్ళు అద్దెకుండేది రెండు గదుల వాటా, అక్కడ నాలుగు వాటాల వాళ్ళకి కలిపి ఒకటే స్నానాల గది. రోజంతా మురుగులో నానిన మనిషి ఇంటికొచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని, ముక్కులు మూసుకునే జనం మధ్య వరసలో నిలబడాలి. పై వీధిలో విడిగా స్నానాల గది ఉన్న ఇల్లు ఖాళీ అయింది. బస్సు కండక్టరైన మొగుడు ఆ ఇంటాయనతో మాట్లాడి నెలాఖరు దాకా గడువు పుచ్చుకుని, ఆదివారం సాయంత్రం టేపు పట్టుకుని వెళ్ళి మంచం ఎక్కడ పడుతుందో కొలిచి మరీ వచ్చాడు.

అదే సాయంత్రం తమ్ముడు వచ్చాడు.

“రావయ్యా బామ్మర్దీ, మీ అక్క ఇక పెద్ద ఆఫీసరు. అపాయింట్‌మెంటు తీసుకుని రావాలి,” అన్నాడు కండక్టరు.

“నువ్వు ముందు టిక్కెట్టు కొట్టు బావా, తర్వాత వస్తా,” అని నవ్వుతూ కూర్చున్న తమ్ముడు, తొమ్మిదో ప్రశ్న సంగతి వినగానే గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు మొహం పెట్టాడు. “అక్కా, దానికి ఏం చెప్తావ్?”

“ఏం చెప్పడం ఏంట్రా? ఒక్కదాన్నే చేస్తానని చెప్తా. నిజమేగా?”

“నిజమే. అదే కదా గొడవ.”

గొడవేమిటో వాడే విడమరిచి చెప్పాడు. కాలవ దిగువన ఉన్న కాలనీలో బోర్లన్నీ వాడి ఫ్యాక్టరీ మురుగుతో పాడైపోయాయని కేసు నడుస్తోంది. అది తేలేదాకా రోజూ మంచినీళ్ళ ట్యాంకర్లు పంపమని కోర్టు ఫ్యాక్టరీకి చెప్పింది. ఆ కేసు మొత్తం నిలబడింది సీసాలక్క ఆరేళ్ళుగా పట్టిన సీసాల మీద. “మా వకీలు ఆ కాగితాల్లో తప్పు కోసం భూతద్దం పెట్టి వెతుకుతున్నాడక్కా. ఈ మదింపు రిపోర్టు అడిగితే ఎవరికైనా ఇస్తారు. రెండో తరగతి మనిషి ఒక్కతే పట్టిందట, ఆవిడే ఒప్పుకుందట, ఈ సంతకాలన్నీ దొంగవి అంటాడు. ఆరేళ్ళ కాగితాలూ చెత్తబుట్టలోకి. ట్యాంకర్లు ఆ రోజే ఆగిపోతాయి.”

“నీళ్ళలో విషం నిజమే కదరా! సారు చూస్తే ఒకటీ చూడకపోతే ఒకటీ అవుతుందా?”

“అవదు. నేను పట్టిన సీసాల్లో కూడా నీ అంకెలే వచ్చాయి.”

“మరి ఆ కాగితాలేవి?”

“బీరువాలో పెట్టి తాళం వేశారు.” వాడు తల వంచుకున్నాడు. “నాకు రెట్టింపు జీతం దేనికనుకున్నావక్కా?”

కండక్టరు టేపుని చప్పుడు కాకుండా చుట్టి జేబులో పెట్టుకున్నాడు. సీసాలక్కకి ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఒంటరిగా పని చేస్తానని రుజువైతేనే జీతం పెరుగుతుంది, ఒంటరిగా పని చేసినట్టు రుజువైతే చేసిన పనంతా గంగలో కలుస్తుంది. ఏ మహానుభావుడు రాశాడో గానీ ఈ నిబంధనలు, వాడు కనిపిస్తే ఒక సీసాడు మురుగు వాడి చేత తాగించాలనిపించింది.

బుధవారం మదింపు ఆఫీసరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, అట్టకి కాగితాలు బిగించుకుని వచ్చిన ఆ పెద్దమనిషి కాలవ గట్టు దాకా నడిచాడు, అంతవరకూ మెచ్చుకోవాలి. సారు కొత్త బూట్లతో సహా గట్టు మీద తయారుగా ఉన్నాడు, ధర చీటీ కూడా ఊడదీయలేదు. ఆఫీసరు అటు తిరిగినప్పుడు సీసాలక్క చెవిలో, “నా ఉద్యోగం నీ చేతుల్లో ఉందమ్మా, ఇంకో రెండేళ్ళే సర్వీసు,” అని గొణిగాడు. ఆయన ఒక్కడి సంగతే అయితే ఆవిడ ఆ క్షణంలోనే ఆ ఉద్యోగానికి నీళ్ళొదిలేసేది.

ఆవిడ కాలవలోకి దిగింది. ప్రవాహానికి ఎదురుగా నిలబడి, సీసాని ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడిగి, గాలి బుడగ లేకుండా నింపి, మూత బిగించి, చీటీ అంటించి ఐసు పెట్టెలో పెట్టింది. ఒక్క చుక్క కింద పడలేదు. ఆఫీసరు కలం ఆపి చూశాడు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి, తొమ్మిదోది రానే వచ్చింది.

“ఎవరూ చూడకుండా మీరే చేసుకుంటారా?”

“లేదండీ. సారు ఎప్పుడూ నా పక్కనే ఉంటారు.”

“ఎప్పుడూనా?”

“ఎప్పుడూ.”

“ఇప్పుడు మీరు ఆయన్ని ఒక్క మాట కూడా అడగలేదు కదమ్మా. బాగా ఆలోచించుకుని చెప్పండి, ఈ ఒక్క ప్రశ్న మీదే అంతా ఉంది.”

పాపం, మంచివాడే. అందుకే ఇంకా ఏడుపొచ్చింది. “ఆయన చూపు చాలండీ,” అంది సీసాలక్క, పళ్ళు బిగబట్టి. సారు ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆఫీసరు నిట్టూర్చి కాగితం మీద కొట్టేశాడు.

ఆ సాయంత్రం కండక్టరు ఏమీ అడక్కుండానే పై వీధికి వెళ్ళి ఇల్లు వద్దని చెప్పి వచ్చాడు. ఒక్క మాట దెప్పలేదు. దెప్పినా బాగుండేది, తిరిగి నాలుగు అనేసి కడుపులో మంట చల్లార్చుకునేది.

మూడు వారాలకి ఫలితం వచ్చింది. సీసాలక్కకి రెండో తరగతే. పక్కన వివరణ కూడా రాశారు: “ఈ ఉద్యోగికి నిరంతర పర్యవేక్షణ అవసరం.” ఆ నిరంతర పర్యవేక్షణ చేస్తున్నందుకు సారుకి నెలనెలా ప్రత్యేక మురుగు భత్యం మంజూరైంది. సారు ఆఫీసంతా బిస్కెట్లు పంచాడు. ఆవిడ బల్ల మీద కూడా రెండు పెట్టాడు, ఏ మొహం పెట్టుకుని పెట్టాడో!

మర్నాడు పొద్దున జీపు కాలవ దగ్గర ఆగగానే సారు అలవాటుగా సంతకాలు పెట్టేసిన పది కాగితాలు అందించాడు. సీసాలక్క వాటిని తీసుకుని, నిలువుగా ఒకసారీ అడ్డంగా ఒకసారీ చింపేసి, జీపు తలుపు తెరిచింది.

“దిగండి సార్.”

“ఏంటమ్మా ఇది?”

“నాకు నిరంతర పర్యవేక్షణ అవసరం సార్, పైనుంచే రాసిచ్చారు. మీరు లేకపోతే ఏం తప్పు చేస్తానో ఏంటో. ఇకనుంచి మీరు పక్కన లేనిదే సీసా మూత తీయను. పై ఆఫీసుకి చెప్తారా, చెప్పండి. ఇన్నాళ్ళూ ఎక్కడ కూర్చున్నారో నేనూ చెప్తాను.”

చెప్పదు. ఆవిడకి తెలుసు చెప్పలేనని. కానీ సారుకి తెలియదుగా!

సారు దిగాడు. గట్టు మీద నిలబడితే చాలదా అంటే చాలదంది. రాయి మీద కాలు జారి మోకాలి లోతున కూలబడ్డాడు, కొత్త బూట్లు మురుగుతో నిండిపోయాయి. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటే, “అది తీసి సీసా పట్టుకోండి సార్, నాకు రెండే చేతులు,” అంది. నాలుగో సీసాకి ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఏడో సీసాకి ఒడ్డుకి వెళ్ళి వాంతి చేసుకుని, మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. అందుకు మాత్రం ఆవిడకి కాస్త గౌరవం కలిగింది.

“అమ్మా,” అన్నాడు సారు, ఎనిమిదో సీసా అందిస్తూ. జీతాల సెక్షను వేరు కాబట్టి ఆయనకి ఎప్పుడూ తెలుసుకోవాలనిపించలేదేమో. “ఈ పనికి నీకు నెలకి ఎంతిస్తారు?”

సీసాలక్క అంకె చెప్పింది.

సారు ఆ సీసా మూతని చేతిలోనే పట్టుకుని అడిగాడు, “అది కటింగులన్నీ పోయాక చేతికొచ్చేదా?”

“కటింగులకి ముందు సార్,” అంది సీసాలక్క. “మూత ఇలా ఇవ్వండి.”