ఆవిరి వంగిన వైపు

కల్లూరులో బుల్లెమ్మ బియ్యాన్ని డబ్బాతో కొలిచి ఎరగదు. ఎసరు మరగగానే, కడిగిన బియ్యం పళ్లెం ఎడమచేత్తో పట్టుకుని, ముందు దేవుడికి, తర్వాత మనిషికి రెండు గుప్పిళ్ల చొప్పున పేరు తలుచుకుంటూ వేసేది. "రామచంద్రా, ఇది నీకు. ఇది ఆయనకి. ఇది పాలు పితికే లాలుకి. ఇది నాకు." వాళ్లమ్మ అలాగే వేసేది. మంగళగిరి దగ్గర పల్లెలో వాళ్లమ్మమ్మ కూడా అలాగే వేసేదట.

ఎవరి పేరున బియ్యం పడితే, అన్నం ఉడికేటప్పుడు ఆవిరి వాళ్లున్న వైపు వంగేది. నలుగురికి వండితే జడ విప్పినట్టు నాలుగు పాయలయ్యేది. భర్త వెంకటరామారావు మిరపచేలో ఉంటే ఒక పాయ పడమటి కిటికీలోంచి తొంగిచూసేది. ఆయన గట్టు దిగి ఇంటి దారి పట్టాడంటే అది ఆయనతో పాటే మెల్లగా జరుగుతూ వచ్చి, ఆయన గుమ్మంలో కాలు పెట్టేసరికి నిటారుగా నిలబడేది. అప్పుడు కంచం పెట్టేది. చేలో కూలికి వచ్చే ఆడవాళ్లకీ ఇది అలవాటే. మంచినీళ్ల వంకతో ఒకావిడ వంటింట్లోకి చూసిపోయేది. "ఆవిరి ఇంకా కిటికీ కాడనే ఉంది. అయ్య రాలె. కూసోండ్రి కాసేపు" అని వాకిట్లో కూలి డబ్బులకి వచ్చినవాళ్లకి కేకేసేది.

రెండువేల తొమ్మిదిలో వెంకటరామారావుకి అరవై నిండాయి. పొలం కౌలుకిచ్చి, పాత మినీబస్సొకటి కొన్నాడు. ఖమ్మంలో బాడీ కట్టే షెడ్డులో మూడు నెలలు కూర్చుని దాన్ని ఇల్లు చేయించాడు. రెండు పడకలు, కిటికీలకి పూల పరదాలు, పైన నీళ్ల ట్యాంకు, వెనక గ్యాసు పొయ్యి, పొయ్యి పక్కన గూట్లో భద్రాద్రి రాముడి పటం. ముందు భద్రాచలం, పర్ణశాల. అట్నుంచి కాశీ, ఓపికుంటే ఇంకా పైకి.

"అంతా బానే ఉంది గానీ దారెవరు చెబుతారు?" అంది బుల్లెమ్మ.

"దానికీ మిషనొచ్చిందే. సాయిప్రియకి చెప్పాను."

సాయిప్రియ ఆయన తమ్ముడి కూతురు. ఖమ్మం పక్కన ఖానాపురం హవేలి ఊళ్లో ఉంటుంది. సెల్‌ఫోన్లు, కెమెరాలు అమ్మే దుకాణంలో ఉద్యోగం. ఆదివారం నాడు స్కూటీ మీద మూడు జీపీఎస్ డబ్బాలు తెచ్చి నవారు మంచం మీద వరసగా పెట్టింది.

"పెదనాన్నా, మూడూ బస్సులో పెట్టి తిప్పి చూడండి. నచ్చింది ఉంచుకోండి. మిగతావి రేపు దుకాణంలో ఇచ్చేస్తాను."

మొదటిది పలకంత ఉంది. వెంకటరామారావు మనసు చూడగానే దాని మీదికి పోయింది. అందులో ఒకావిడ ఇంగ్లీషులో గట్టిగా చెబుతుంది. సత్తుపల్లి రోడ్డు మీద నాలుగు మైళ్లు బాగానే చెప్పి, సాగర్ కాలవ వంతెన ముందు కుడికి తిరగమంది. కుడివైపు కాలవ తప్ప ఏమీ లేదు.

"బస్సు కడిగించుకోమంటోందేమోనే!" అన్నాడాయన.

రెండోదానిలో ఒకాయన హిందీలో మర్యాదగా మాట్లాడతాడు. కానీ ఒక్క మలుపు తప్పితే చాలు, వెనక్కి తిరగండి, వెనక్కి తిరగండి అని ఊరొచ్చేదాకా వదల్లేదు.

"నా పెళ్లాం ముప్ఫయ్యారేళ్లలో ఇన్నిసార్లు చెప్పలేదురా బాబూ!"

"చెప్పి లాభం లేదని ఊరుకున్నాను" అంది బుల్లెమ్మ వెనకనించి.

మూడోది అరచెయ్యంత. మాట లేదు. తెలిసిన రోడ్డు మీద సన్నటి గీత, గీత మీద చిన్న బాణం గుర్తు. రోడ్డు దాటి చేల దారిలోకి దిగేసరికి గీత ఆగిపోయింది. ఖాళీ తెర మధ్య బాణం ఒక్కటే మిగిలింది.

బుల్లెమ్మ దానికేసి చాలాసేపు చూసింది. "సాయీ, ఇవి మనుషుల్ని కూడా చూపిస్తాయా అమ్మా?"

"లేదు పెద్దమ్మా. ఊళ్లు, పెట్రోలు బంకులు, గుళ్లు చూపిస్తాయి. మనిషి కావాలంటే ముందు ఆ ఊరి పేరు కొట్టాలి."

"ఊరే తెలీకపోతే?"

సాయిప్రియ తల వంచుకుని వైరు చుట్టడం మొదలుపెట్టింది. ఎవరి సంగతి అడుగుతోందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

బుల్లెమ్మకి పానకాలని ఒక్కడే తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు. ఈవిడే పెంచింది. పెళ్లయ్యాక కూడా పుట్టింటికీ మెట్టింటికీ మధ్య ఒక్క గోడే, వంటిల్లు ఒకటే. పదిహేడేళ్ల కింద పానకాలు మిరప బస్తాలు ట్రాక్టరు మీద ఖమ్మం యార్డుకి తోలుతుంటే, కల్వర్టు దగ్గర ట్రక్కు బోల్తాపడింది. బస్తాల మీద తండ్రి కూర్చుని ఉన్నాడు. ఇక్కడ అన్నం ఉడుకుతోంది. తండ్రి వైపు వంగిన పాయ మధ్యలో తెగి, తిరిగి గిన్నెలోకి జారిపోయింది. ఎవరూ వచ్చి చెప్పకముందే బుల్లెమ్మకి తెలిసింది.

పెదకర్మ అయిన మర్నాడు ఆమె మళ్లీ పొయ్యి ముందు నిలబడింది. ఒక్కొక్కరి పేరే తలుచుకుని బియ్యం వేసింది. పానకాలు పేరు దగ్గర చెయ్యి ఆగింది. వెయ్యలేదు. కాసేపటికి వాడొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. బావ వైపు ఒక పాయ, లాలు వైపు ఒక పాయ వెళ్లాయి. తన వైపు ఏదీ రాలేదు. వాడు పొయ్యికేసి చూస్తూనే ఉన్నాడు. బుల్లెమ్మ వెనక్కి తిరక్కుండానే, "నాన్నని పొట్టన పెట్టుకున్నావు కదరా" అంది. ఆ ఒక్క మాటే. వాడు చెప్పులేసుకుని వెళ్లాడు.

బూర్గంపాడు రేవులో చూశామని ఒకరన్నారు. గోదారి దాటాడని ఇంకొకరు. అంతే. ఈ పదిహేడేళ్లలో వాడి పేరున రెండు గుప్పిళ్లు ఎసట్లో వేస్తే వాడున్న దిక్కు తెలిసేది. కానీ వేశాక ఆ పాయ తెగి గిన్నెలోకి జారిపోతే? బియ్యం వెయ్యనంత కాలం తమ్ముడు ఎక్కడో ఒకచోట ఉన్నట్టే. రోజూ ఎసరు ముందు ఆ భయంతోనే చెయ్యి వెనక్కి తీసుకునేది. వెంకటరామారావు అది చూసేవాడు.

"ఈ చిన్నదే ఉంచు సాయీ" అంది బుల్లెమ్మ.

"మూగదాన్ని కొనుక్కుని ఏం చేస్తామే?"

"మాట్లాడ్డానికి మీరున్నారుగా. ఇది తెలీని చోట తెలీదని ఊరుకుంటోంది. నాకు అది చాలు."

శ్రీరామనవమి రద్దీ తగ్గాక బయల్దేరారు. కొత్తగూడెం, పాల్వంచ, బూర్గంపాడు దాటి, గోదారి వంతెన మీద బస్సాపి నదిలోకి చిల్లర వేశారు. భద్రాద్రిలో బుల్లెమ్మ చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడింది. తమ్ముణ్ణి చూపించమని అడగలేదు. అడిగే ధైర్యమివ్వమని మాత్రం అడిగింది. మర్నాడు పర్ణశాలలో దణ్ణం పెట్టుకుని, చర్ల రోడ్డు మీద కొంత దూరం పోయాక, వంటకని ఇప్పచెట్ల కింద బస్సు ఆపించింది. పొద్దు నడినెత్తికొస్తోంది. నేలంతా ఇప్పపూలు రాలి, గాలి తియ్యగా మత్తుగా ఉంది.

డబ్బా తెర మీద తారురోడ్డు ఒక్కటే గీత. అటూ ఇటూ పచ్చరంగు పులిమినట్టుంది. ఊరు లేదు, వాగు లేదు. ఆ పచ్చదనం లోపల పొయ్యిలు వెలుగుతాయి, పిల్లలు పుడతారు, ఎవరో ఎవరికోసమో ఎదురుచూస్తారు. దానికి తెలీదు. తెలీనందుకు సిగ్గూ లేదు, భయమూ లేదు. నాకే ఎందుకింత భయం అనుకుంది బుల్లెమ్మ.

ఎసరు మరిగింది. "రామచంద్రా, ఇది నీకు. ఇది ఆయనకి. ఇది నాకు." చెయ్యి పళ్లెంలోకి ఇంకోసారి వెళ్లింది. "ఇది... పానకాలుకి." వేసేసి, మూత పెట్టేసి, వెనక్కి జరిగి పడక మీద కూర్చుండిపోయింది.

మెతుకు పట్టి చూసే వేళయింది. ఆమె లేవలేదు. వెంకటరామారావు కంచాలు కడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గిన్నె వంక చూశాడు, ఆమె మొహం చూశాడు.

"వేశావా?"

తలూపింది.

ఆయనే వెళ్లి మూత తీశాడు. ఆవిరి లేచింది. ఒక పాయ రాముడి పటం చుట్టూ తిరిగి అక్కడే నిలిచింది. రెండు పాయలు నిటారుగా పైకి వెళ్లాయి. ఇంకేమీ లేదు. బుల్లెమ్మ కళ్లు మూసుకుంది.

"బుల్లెమ్మా! చూడవే."

గిన్నె అంచు మీంచి దారమంత పాయ ఒకటి, పసిపిల్ల అడుగులేసినట్టు తడబడుతూ దిగింది. ఒక్క క్షణం అటూ ఇటూ తచ్చాడింది. తర్వాత తలెత్తి, ఈశాన్యం వైపు కిటికీ చువ్వల్లోంచి బయటికి సాగింది. బయట గాలి వీస్తోంది. ఇప్ప ఆకులు దొర్లుతున్నాయి. ఆ దారం మాత్రం చెదరలేదు. పట్టుగీతలా మెరుస్తూ చెట్ల మధ్యకి పోయింది.

బుల్లెమ్మ రెండు చేతులూ జోడించింది.

"పొయ్యి ఆర్పకు. సన్నసెగ మీద ఉంచు" అన్నాడాయన. అప్పటికే స్టీరింగు ముందున్నాడు.

బస్సు తారు దిగి మట్టిబాటలోకి మళ్లింది. డబ్బాలో గీత ఆగిపోయింది. బుల్లెమ్మ చీరకొంగుతో గిన్నె చెవులు పట్టుకుని, ఆవిరినే చూస్తూ వెనకనించి చెప్పసాగింది. "ఎడమకి... ఇంకాస్త... ఆ బండరాయి అవతలకి. మెల్లగండీ, అన్నం తొణుకుతుంది." పాయ ముందు దారమంత ఉన్నది వేలంత లావైంది, తర్వాత తాడంత. చెట్లు దగ్గరగా వచ్చి, కొమ్మలు బస్సు టాపు నిమిరాయి. ఆవిరి తగిలిన చోట మోదుగాకుల మీద మంచుబిందువులు నిలిచాయి, మిట్టమధ్యాహ్నం పూట.

వాగు దగ్గర ఇప్పపూల గంప నెత్తిన పెట్టుకున్న ముసలాయన ఎదురయ్యాడు. పేరు పగిడయ్యట. కిటికీలోంచి సాగిన ఆవిరిని చూసి గంప దించాడు.

"ఎవల కోసం బోతుండ్రు?"

"పానకాలని, మా తమ్ముడు..."

"బోరింగుల పానకాలా? అవ్, చుట్టుపక్కల ఏ బోరింగు చెడ్డా ఆయనే బాగుచేస్తడు. వాగు దాటితే మా గుంపు. రాళ్లు పరిచిన కాడ దాటుండ్రి, లేకుంటే ఇసుకల దిగబడ్తరు. జల్దీ పోండ్రి, ఆవిరి పలుచనైతుంది."

గుంపంటే వాగవతల పదో పన్నెండో గడ్డి ఇళ్లు. ఒక వాకిట్లో, జుట్టు నెరిసిన మనిషి చేతిపంపు విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. చేతులనిండా గ్రీజు. ఆవిరి వెళ్లి ఆయన భుజాల మీద పడింది. ఆయన ఉలిక్కిపడలేదు. మెల్లగా తలెత్తి, ఆ పాయ వచ్చిన దారినే చూపు నడిపించుకుంటూ బస్సు దాకా వచ్చాడు. మెట్టు మీద బుల్లెమ్మ నిలబడి ఉంది.

పానకాలు లేచి నిలబడ్డాడు. "అక్కా, అన్నం మాడుతోంది."

"మాడనీరా" అంది బుల్లెమ్మ. మెట్టు మీదే కూర్చుంది.

వెంకటరామారావు బావమరిది భుజం పట్టుకుని, "గ్రీజు కడుక్కోవోయ్. మీ అక్క వడ్డిస్తుంది" అన్నాడు.

బస్సు పక్కన చాప వేశారు. పానకాలు అడుగంటిన అన్నమే కావాలన్నాడు. పచ్చడి కలుపుకుని వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. మళ్లీ వేయించుకున్నాడు. బుల్లెమ్మ కళ్లు ఆ కంచం వదల్లేదు.

"ఆరోజు నీకు వెయ్యలేదురా."

"చూశాను."

"తర్వాత కూడా వెయ్యలేదు. ఒక్కనాడూ వెయ్యలేదు. లేవేమోనని భయం. ఆ మాట..."

"నువ్వన్న మాట నేను రోజూ అనుకున్నదేనక్కా. ట్రాక్టరు మళ్లీ ముట్టుకోలేదు." కంచంలో నీళ్లు పోసుకున్నాడు. "లోపలికి రా. జంపక్కని చూద్దువు."

జంపక్క అతని భార్య, ఆ గుంపు పిల్లే. అప్పటిదాకా గుమ్మం చాటున నిలబడి చూస్తోంది. "రా వదినా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. లోపల చల్లగా, చీకటిగా ఉంది. మూల పొయ్యి మీద కుండలో అన్నం ఉడుకుతోంది. బుల్లెమ్మ కళ్లు ఆ చీకటికి అలవాటు పడుతుండగా పైన కప్పు కనపడింది. మూడు వైపులా గడ్డి ఎండి బంగారు రంగులో ఉంది. నైరుతి మూల మాత్రం నల్లబడి, నాని, చిల్లులు పడి ఉంది. అట్నుంచి తిన్నగా పోతే గోదారి. గోదారి అవతల కల్లూరు.

"అక్కడేమైంది?"

"పద్నాలుగేండ్ల కింద, లగ్గమైన నాడే చెప్పిండు. రోజు ఎసట్ల రెండు గుప్పిళ్లు మా అక్క పేరు మీద ఎయ్యమని. ఏస్తున్న. ఆవిరి ఆ మూలకే పోతది. ఏడాది తిరిగేసరికి గడ్డి కుళ్లిపోతది. వానలకు ముందు ప్రతి యేడు ఆ ఒక్క మూల కొత్తగా కప్పుతం. గుంపోళ్లు నవ్వుతరు, మీ ఇంటికి మూడు మూలలే పాతయి అంటరు."

బుల్లెమ్మ వెళ్లి ఆ మూల కింద నిలబడింది. చెయ్యెత్తి తడిగడ్డిని తాకింది. గోరువెచ్చగా ఉంది. పద్నాలుగేళ్ల అన్నం వాసన వేసింది. ఎన్ని వేల పూటలు ఇక్కడ తన పేరున బియ్యం పడిందో, ఎన్ని వేలసార్లు ఆ ఆవిరి నది దాటి తనకోసం వచ్చిందో. తనేమో పడమటి కిటికీకేసి చూస్తూ కూర్చుంది, ఈశాన్యం వైపు ఒక్కనాడూ తలతిప్పలేదు. ఆమె ఆ మూలకే దణ్ణం పెట్టింది. గుళ్లో పెట్టిన దణ్ణం కన్నా చాలాసేపు పెట్టింది.

గుమ్మం దగ్గర పానకాలు, వెంకటరామారావు నిలబడి చూస్తున్నారు.

పొయ్యి మీద కుండ పొంగింది. జంపక్క మూత తీసి పక్కన పెట్టింది. ఆవిరి లేచి, అలవాటుగా మూల వైపు కొంచెం వాలి, ఆగి, బుల్లెమ్మ నిలబడ్డ చోటికి వచ్చి తిన్నగా పైకి లేచింది.

జంపక్క దాన్ని చూసి, ఆ మూల కప్పడానికని గోడవార కట్టిపెట్టిన కొత్త గడ్డి మోపు కేసి చూసి నవ్వింది.

"ఈ మోపు ఎడ్లకు ఏసేస్త వదినా" అంది.