నలభై ఏడు, హాజరు

ఇస్త్రీపెట్టె పాడై మూడు నెలలైంది. దశరథ్ స్టీలు చెంబులో మరిగే నీళ్లు పోసి, చెంబు అడుగుతో ఖాకీ చొక్కా కాలరు రుద్దాడు. ముడత పోలేదు. మళ్ళీ రుద్దాడు. నిన్న విప్పిన చొక్కా జేబులోంచి వేలెడంత గుడ్డమూట తీసి, ఈ చొక్కా ఎడమ జేబులో వేసి గుండీ పెట్టాడు. రోజూ చేసే పనే.

ఇంట్లో ఉన్న రెండు ప్లగ్గుల్లోనూ కెమెరా బ్యాటరీలు చార్జింగుకు ఉన్నాయి. అవి పటాన్‌చెరులోని పెళ్ళిళ్ళ ఫోటో స్టూడియోవి. అతని కూతురు నిషిత అక్కడ వీడియోలు కత్తిరించి అతికించే పని చేస్తుంది. ఆషాఢంలో పెళ్ళిళ్లుండవు కాబట్టి కెమెరా ఖాళీగా ఉంది. ఓనరు రెండు రోజులకు ఇచ్చాడు.

నిషిత చాప మీద కూర్చుని జుట్టు ముడేసుకుంటోంది.

"ఇయ్యాల రెండున్నరకు. యాదికున్నదా?"

"ఉన్నది."

"యూనిఫాం ఇడువకు. గట్లనే రా."

అతను తలూపాడు. పొయ్యి మీది కూర దించి, ఆమెకు సగం గిన్నెలో మూతపెట్టాడు. తన సగం టిఫిన్‌లో సర్దుకున్నాడు. పదకొండేళ్ళుగా వంట అతనిదే. ఆమె తింటుంది. ఉప్పు ఎక్కువైనా అనదు, తక్కువైనా అనదు. నాయినా అని పిలిచి కూడా పదకొండేళ్ళయింది.

పదిహేను రోజుల కిందట అతని కంచం పక్కన నాలుగు కాగితాలు పెట్టింది. పదిహేను నిమిషాల సినిమా అది. పేర్లు లేవు. ఒక ఆడమనిషి, ఒక వాచ్‌మన్, ఒక గేటు. అతను ఏడో తరగతి దాకా తమ ఊరు లక్డారం బడిలో చదివినవాడు. ఒక్కో వాక్యం కింద వేలు పెట్టుకుని చదివాడు. మూడో కాగితం చివర ఇలా ఉంది: వాచ్‌మన్ మేకు మీది బిళ్ళ తీసి జేబులో వేసుకుంటాడు.

"వేరేటోల్లకు చేతగాదు. నువ్వే జెయ్యాలె" అంది నిషిత. "ముఖం సూపియ్య. చెయ్యి సాలు."

అతను అన్నం మెతుకులు ఏరుకుని తిన్నాడు. కంచం కడిగి బోర్లించాక అన్నాడు.

"ముఖం గూడ సూపియ్యి."

ఆరు కాకముందే మందుల ఫ్యాక్టరీ గేటు తీశాడు. లక్డారం క్రషర్ల నుంచి కంకర టిప్పర్లు వరుసగా పోతున్నాయి. రాత్రి కురిసిన వానకు రోడ్డు మీది దుమ్ము బూడిదరంగు పిండిలా ముద్దకట్టింది. ఫ్యాక్టరీ గొట్టంలోంచి కుళ్ళిన గుడ్డు వాసన. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. అతనికి సెలవు రోజున ఆ వాసన లేకపోతే ఒంట్లో బాగాలేదేమో అనిపిస్తుంది.

గేటు పక్కన వేలిముద్రల మిషను. ఆరేళ్ళ కిందట వచ్చింది. మందుల పొడి ఒరిసి ఒరిసి ఆడవాళ్ళ వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. మిషను వాళ్ళను గుర్తుపట్టదు. అందుకని అతను మగ్గులో నీళ్లు, ఒక తడిగుడ్డ పెట్టుకుంటాడు.

"చాచా, అంగూఠా నై లేరా" అన్నాడు ఒడిశా నుంచి వచ్చిన కూలీ, మిషను తన బొటనవేలు తీసుకోవడం లేదని.

"గట్టిగ ఒత్తకు. మెల్లగ పెట్టు."

కౌసల్యమ్మ వచ్చింది. ఊడ్చే పని ఆమెది. బొటనవేలు తడిగుడ్డకు రాసి, మూడోసారికి మిషను చేత పచ్చదీపం వెలిగించింది.

"హీరో అయితున్నవట గద, దశరథన్నా?"

"విలన్."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. అటూ ఇటూ చూసింది. "పిల్లకు నేనే జెప్పిన. ఆనాడు నువ్ బిళ్ళ తీసినప్పుడు నేను గేటవతల ఉండి సూసిన. కోపముంటే తిట్టు."

"కోపం లేదు. పదకొండేండ్లు లేట్ జేసినవ్, గంతే."

మిషను రాకముందు ఇక్కడ చెక్కబల్ల ఉండేది. నల్లరంగు వేసిన బల్ల, దాని మీద వరుసలుగా మేకులు, మేకు కింద నంబరు. కాంట్రాక్టు ఆడవాళ్ళకు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలుండేవి. లోపలికి వచ్చేటప్పుడు వాచ్‌మన్ చేతికి ఇవ్వాలి. అతను నంబరూ పేరూ అరిచి, హాజర్ అని మేకుకు తగిలించాలి. పోయేటప్పుడు తిరిగి తీసుకోవాలి. షిఫ్టు అయ్యేసరికి బల్ల ఖాళీ కావాలి. బిళ్ళ పోగొట్టుకుంటే ఆ రోజు కూలీ లేనట్టే. అందుకని ఆడవాళ్ళు దాన్ని పుస్తెలతాడుకు కట్టుకునేవారు.

బక్కమ్మ అతని భార్య. ఆమె నంబరు నలభై ఏడు. ఎండబెట్టే షెడ్డులో ట్రేలు మోసేది. రోజూ గేటు దగ్గర మెడలోంచి దారం ముడి విప్పి, బిళ్ళను అతని అరచేతిలో పడేసేది.

"గేటు దొరా, అందుకో."

వెనకాల ఉన్నవాళ్ళు ఊరుకునేవారు కాదు. "పుస్తెలు మొగనికిచ్చి పనికి వోతున్నదే ఇది! సాయంత్రం మల్ల కట్టిచ్చుకుంటదో ఏమో!" బక్కమ్మ వాళ్ళకంటే గట్టిగా నవ్వేది. అతను నవ్వేవాడు కాదు. డ్యూటీలో ఉన్న మనిషి నవ్వకూడదని అనుకునేవాడు. అప్పుడు నవ్వి ఉండవలసింది. ఇప్పుడు అనుకుని ప్రయోజనం లేదు.

ఆ రోజు పదకొండు గంటలకు షెడ్డు పేలింది. పొగ గేటు దాకా వచ్చింది. ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వచ్చి, గేటు దాటి పోలేదు. బిళ్ళల కోసం వరుసలో నిలబడ్డారు. వెనక షెడ్డు మండుతుంటే, చీర కొంగులు కాలిన వాసన వస్తుంటే, దగ్గుతూ చేతులు చాపారు. బిళ్ళ లేకపోతే రేపు పని లేదు కదా. అతను కూడా నంబరు అరుస్తూ ఒక్కొక్కటే తీసి ఇచ్చాడు. పన్నెండు. ముప్పై ఒకటి. ఇరవై. గేటు వదిలి పోకూడదని అతనికి నేర్పారు. అతను పోలేదు. వరుస అయిపోయేసరికి బల్ల మీద ఒకే ఒక్క బిళ్ళ మిగిలింది. భార్య చనిపోయిందని అతనికి ఎవరూ చెప్పలేదు. బల్ల చెప్పింది.

హాజరు లెక్కలు రాసే టైమాఫీసు గుమాస్తా రామలింగేశ్వరరావు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. భుజం మీద చేయి వేశాడు. "ఆ బిళ్ళ తీసెయ్, దశరథ్" అన్నాడు, పిల్లవాడికి చెప్పినంత మెత్తగా. అతను తీశాడు. సాయంత్రం ఆఫీసులో తెల్లకాగితం ఇచ్చారు. 'నా భార్య బక్కమ్మ నాకు సద్దిగిన్నె తెచ్చి, నా కన్నుగప్పి లోపలికి పోయినది. ఆమె ఆనాడు డ్యూటీలో లేదు' అని రాశాడు. డ్యూటీలో లేని మనిషికి కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదు. అతని అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. బడిలో పంతులు మెచ్చుకున్న అక్షరాలు. ఆ నెలాఖరుకు అతని ఉద్యోగం పర్మినెంట్ అయింది. ఎవరూ అతని మెడ మీద కత్తి పెట్టలేదు. ఈ మాట అతను తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు, తప్పించుకునే దారి దొరకకుండా.

తొమ్మిదింటికి రామలింగేశ్వరరావు కారు వచ్చింది. ఇప్పుడతను అడ్మిన్ ఆఫీసరు. అద్దం దింపాడు.

"ఏంటయ్యా, మీ అమ్మాయి సినిమా తీస్తోందట?"

"అవు సార్."

"తియ్యనీ. చిన్నపిల్ల. మన గేటు జోలికి మాత్రం రావద్దని చెప్పు. కార్తీకంలో రిటైరవుతున్నావు. దండ వేసి, శాలువా కప్పి పంపిస్తాం. ప్రశాంతంగా వెళ్ళు." కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "నేను మాత్రం ఏం చేశాను చెప్పు? పైవాళ్ళు చెప్పమన్నది చెప్పాను."

"నువ్ జెప్పినవ్, నేను ఇన్న. ఇద్దరం ఇయ్యాల్టికి గూడ డ్యూటీల ఉన్నం సార్. ఆమెనే లేదన్నం."

అద్దం పైకి లేచింది.

పదకొండింటికి దశరథ్ సెక్యూరిటీ గది వెనక్కి వెళ్ళాడు. మిషను వచ్చాక పాత బల్లను నీళ్ళ సంపుకు మూతగా వేశారు. దాని మీద ఇటుకలు పెట్టారు. ఆరేళ్ళుగా దాన్ని జరిపి నీళ్లు తోడుకుంటున్నాడు. ఇటుకలు తీసి పక్కన పెట్టాడు. బల్ల అంచులు నాని ఉబ్బాయి. కింది వరుస మేకులు తుప్పుపట్టి రాలిపోయాయి. పై వరుసలు ఉన్నాయి. నంబర్ల మీద పాచిని తడిగుడ్డతో తుడిచాడు. నలభై ఆరు. నలభై ఏడు. మేకు వంగి ఉంది. రాయితో రెండు దెబ్బలు కొట్టి నిలబెట్టాడు. సంపు మీద రేకు ముక్క కప్పాడు, ఎవరూ పడకుండా.

తర్వాత కూతురికి ఫోన్ చేశాడు.

"ఇంటికాడ కాదు. కెమెరా తీస్కొని గేటు కాడికి రా."

"లోపలికి రానిస్తరా?"

"రోడ్డు మనదే. రోడ్డు మీదికెల్లి తియ్యి."

రెండు కావస్తుండగా నిషిత వచ్చింది. రోడ్డవతల చాయ్ హోటల్ ముందు మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టింది. ఆమెతో పాటు స్టూడియోలో పనిచేసే ప్రియాంక మైకును చీపురు కట్టెకు కట్టి పట్టుకుని ఉంది.

"ఇంట్ల చీపురు కట్టెనే దొరికిందా?" అన్నాడు హోటలాయన.

"మీ చాయ్ గరిటె అడిగితే ఇస్తరా అన్నా?" అంది ప్రియాంక.

నిషిత రోడ్డు దాటి వచ్చింది. గేటు స్తంభానికి పాత కొక్కేల మీద బల్ల వేలాడుతోంది. ఆమె దాన్ని చిన్నప్పుడు చూసింది, తల్లి వెంట వచ్చి. ముట్టుకోలేదు. చేతిలోని బిళ్ళ ఇచ్చింది. సినిమా కోసం తాళాలు చేసేవాడి దగ్గర చేయించినది.

"నేను చెయ్యి లేపితే ఇది మేకుకు తగిలియ్యి. మల్ల లేపినంక తియ్యి. తీసి జేబుల ఏసుకో. కెమెరా దిక్కు సూడకు."

అతను బిళ్ళను తిప్పి చూశాడు. "నాలుగు సక్కగున్నది. మీ అమ్మ బిళ్ళ మీద నాలుగు వంకర."

"నీకెట్ల యాది?"

అతను జేబు గుండీ విప్పాడు. గుడ్డమూట తీసి ముడి విప్పాడు. అరిగిన ఇత్తడి బిళ్ళ. వంకర నాలుగు, పక్కన ఏడు. రంధ్రంలో దారం ముక్క, ఇంకా పసుపు పోలేదు.

నిషిత చాలాసేపు చూసింది. టిప్పరు హారను కొట్టేదాకా చూసింది.

"కంపెనీ తీస్కున్నదన్నవ్."

"అబద్ధం జెప్పిన."

"పదకొండేండ్లు జేబుల పెట్టుకున్నవ్. నాకెందుకు ఇయ్యలే?"

"ఇస్తే మాఫీ అడిగినట్లయితది."

"అడిగినా చెయ్య."

"తెలుసు. పో, కెమెరా కాడికి పో."

కొత్త బిళ్ళ ఆమె చేతిలో తిరిగి పెట్టాడు. ఆమె వెళ్ళింది. రెండు గంటల సైరను మోగింది. షిఫ్టు అయిన ఆడవాళ్ళు గేటు వైపు వస్తున్నారు. రోడ్డవతల నిషిత కెమెరా మీదికి వంగింది. చేయి పైకి లేపింది.

దశరథ్ టోపీ సరిచేసుకున్నాడు. పాత బిళ్ళను పైకెత్తి చూపించాడు. ఆడవాళ్ళందరికీ వినపడేలా అరిచాడు.

"నలభై ఏడు! బక్కమ్మ! హాజర్!"

మేకుకు తగిలించాడు. చేతులు వెనక్కి కట్టుకుని బల్ల పక్కన నిలబడ్డాడు. కెమెరా వైపే చూశాడు.

ఆడవాళ్ళు ఆగిపోయారు. వాళ్ళలో ఆనాటివాళ్ళు నలుగురైదుగురే. కౌసల్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొత్తవాళ్ళు ఏమిటని అడిగారు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది, గొంతు తగ్గించకుండా.

నిషిత లేపిన చేయి దించింది. మళ్ళీ లేపింది. తియ్యమని. అతను కదలలేదు.

రామలింగేశ్వరరావు బూట్లు లేకుండా వచ్చాడు. ఆఫీసులో సాక్సులతో తిరిగే అలవాటు. తడిసిన సిమెంటు మీద సాక్సులు నల్లబడ్డాయి.

"ఏం పని ఇది? ఆ బిళ్ళ తీసెయ్, దశరథ్."

అవే మాటలు. ఈసారి మెత్తగా లేవు.

"ఆనాడు నేను తీసిన సార్. ఇయ్యాల నువ్ తియ్యి."

"పిచ్చా నీకు? ఉద్యోగం పోతుంది."

"తియ్యి సార్. చెయ్యి అందుతది. కెమెరా సూస్తున్నది, సక్కగ నిలబడి తియ్యి."

రామలింగేశ్వరరావు చేయి లేచింది. బిళ్ళ దాకా వెళ్ళింది. ఇరవై మంది ఆడవాళ్ళు చూస్తున్నారు. రోడ్డవతల కెమెరా చూస్తోంది. ఆ చేయి గాలిలో కాసేపుండి, కళ్ళద్దాలు సర్దుకుని కిందికి దిగింది.

"రేపు ఆఫీసుకు రా. మాట్లాడదాం" అన్నాడు.

"రేపు రాను."

దశరథ్ టోపీ తీశాడు. విజిల్ మెడలోంచి తీశాడు. రెండూ కుర్చీలో పెట్టాడు. తాళంచెవుల గుత్తి వాటి పక్కన పెట్టాడు. టిఫిన్ తీసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి గేటు మూయకుండా దాటాడు. రోడ్డు మీద టిప్పర్లు పోయేదాకా ఆగి, అవతలికి నడిచాడు.

నిషిత కళ్ళు కెమెరా తెర మీదే ఉన్నాయి.

"కాయితంల గట్ల రాయలే నేను" అంది.

"ఒకసారి తీసిన చెయ్యి ఇది. మల్ల తియ్యదు. నీ కాయితం మార్చుకో."

ఆమె ముక్కు ఎగబీల్చింది. "ముఖం వచ్చింది. మొత్తం వచ్చింది. ఉంచుతున్న. ఊరోల్లు నీ ముఖం మీద ఉమ్మేసినా తియ్య."

"తియ్యకు."

అతను చాయ్ కూడా తాగకుండా లక్డారం దారి పట్టాడు. ఖాకీ చొక్కా ఎడమ జేబు ఖాళీగా, గుండీ పెట్టకుండా రెపరెపలాడింది. నిషిత వెనక్కి పిలవలేదు. కెమెరా ఆపలేదు కూడా.

గేటు బార్లా తెరిచి ఉంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే బల్ల ముందు నుంచి బయటికి వస్తున్నారు. ఎవరూ చేయి వేయలేదు. బల్ల నిండా తుప్పుపట్టిన ఖాళీ మేకులు. ఒక్క మేకుకు ఇత్తడి బిళ్ళ, టిప్పరు పోయినప్పుడల్లా కదిలి, నానిన చెక్కకు టక్కుమని తగులుతూ.